నీలం రింగు, పసుపు రింగు

"ఈ రెండూ తారుమారయ్యాయి, మామయ్యా," అంది కోడలు.

ఆయన తలెత్తాడు. గదిలో ట్రేలు కడుగుతున్నవాళ్ళు చేతులాపారు. ఒక రోజు వయసు కోడిపిల్లల్ని పుంజులూ పెట్టలుగా వేరు చేస్తూ ఆ ఫారంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా కూర్చున్న మనిషి ఆయన. అందరూ ఆయన్ని జల్లెడ అంటారు, ఎదురుగానే.

"ఏ రెండు?"

"చివరివి. మీరు పుంజుల పెట్టెలో వేసింది పెట్ట. పెట్టల్లో వేసింది పుంజు."

నల్లటి, వంకీలు తిరిగిన ఈకలు ఉండే జాతి అది. మిగతా కోళ్ళలోలాగా రంగును బట్టో, రెక్క ఈకను బట్టో పిల్లప్పుడే చెప్పడం కుదరదు. పిల్లను అరచేతిలో వెల్లకిలా పట్టుకుని, తోక కింద వేలితో నొక్కి, దీపం కింద చూడాలి. లోపల ఆవగింజలో సగం ఉండే బుడిపె కనిపిస్తే పుంజు. ఆ పని ఆయన కోడలికి నాలుగేళ్ళు నేర్పాడు. ఆమెది ఎడమచేతివాటం కావడంతో ఆమె కూర్చున్నప్పుడల్లా దీపం పక్క మార్చాల్సి వచ్చేది. ఒక్కసారీ విసుక్కోలేదు.

"ఈ బల్బు మార్చమని నెల నుంచీ చెబుతున్నా," అన్నాడు. తన మాట మాత్రం మార్చుకోలేదు.

సంగతి యజమానురాలి దాకా వెళ్ళింది. జత అని కొనుక్కెళ్ళిన ఒకాయన పోయిన నెలలోనే రెండు పుంజుల్ని తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ఈ జాతి కోసం జనం ఏడాది ముందు పేరు రాయించుకుంటారు. ఒక కుర్చీ దగ్గర రెండు మాటలు కుదరవని ఆమె తేల్చేసింది. ఆ రెండు పిల్లలకీ రింగులు వేసి విడిగా పెంచుతారు. ఆ వయసుకు పుంజుకైతే నెత్తిన ఎర్రగా తురాయి లేస్తుంది; నలభై రెండో రోజున అది ఎవరి మాట నిలబెడితే కుర్చీ వాళ్ళది. రెండోవాళ్ళు ట్రేలు కడగాలి. అంతవరకు ఇద్దరూ ఆ షెడ్డు వైపు వెళ్ళకూడదు.

రింగులు జల్లెడే వేశాడు. తను పుంజన్నదానికి నీలం, పెట్టన్నదానికి పసుపు. షెడ్డు తాళంచెవి దాణాగది తలుపు వెనక మేకుకు వేలాడదీశారు. అది అక్కడ ఉంటుందని ఫారంలో తెలియనిది కోళ్ళకే.

ఆ రాత్రి భోజనాల దగ్గర కోడలు తను నోరు తెరవకుండా ఉండాల్సిందంది. చూసింది చెప్పావు, అందులో తప్పేముందన్నాడాయన. తర్వాత రెండు వారాలు ఆమెతో ఉప్పు అందించమనే మాట తప్ప మాట్లాడలేదు. గుడ్ల వ్యాను నడిపే కొడుకు ఎటు మాట్లాడినా ఇరుక్కుంటానని వార్తలు చూస్తూ తిన్నాడు.

ఒక ఆదివారం ఆయన చొక్కా గుండీ కుట్టుకోబోయాడు. సూదిలోకి దారం నాలుగోసారికి ఎక్కింది. దారం నాసిరకం అనుకున్నాడు.

నలభయ్యో రోజు మధ్యాహ్నం కోడలు భోజనానికి ఆలస్యంగా వచ్చింది. మణికట్టు మీద గీరుకుపోయి ఉంది. ట్రే అంచు తగిలిందంది.

మర్నాడు అందరూ భోజనాల బల్ల దగ్గర ఉండగా ఆయన లేచి తాళంచెవి తీసుకున్నాడు. చూసి వచ్చేద్దామనే వెళ్ళాడు. నీలం రింగు పక్షికి తురాయి ఎర్రగా లేచింది. పసుపుదానికి లేదు.

తనదే నిజం. ఆయన అక్కడున్న దాణా బస్తా మీద కూర్చున్నాడు. ఆరు వారాలుగా గుండెల మీదున్న బరువు దిగింది. కళ్ళు బాగానే ఉన్నాయి. అంతా ఆ బల్బు వల్లే.

లేవబోతుంటే కోడలు గుర్తొచ్చింది. రేపు అందరి ముందూ ఓడిపోతుంది. ఇక పిల్లను పట్టుకున్న ప్రతిసారీ తన చేతిని తానే అనుమానిస్తుంది. ఈ పనిలో అనుమానం పట్టినవాళ్ళు మళ్ళీ తేరుకోవడం ఆయన చూడలేదు. తనకేం, పేరుంది. ఒక్క తప్పుతో పోయేది కాదు. తనది తప్పు కాదని తనకి తెలుసు, అది చాలు.

రెండు రింగులూ విప్పాడు. వాటి మీది అంకెలు తలకిందులుగా ఉన్నాయి. ఎప్పుడూ నిటారుగానే వేస్తాడు. ఆ రోజు కోపంలో అలా వేసి ఉంటాననుకున్నాడు. నీలం తీసి పెట్టకూ, పసుపు తీసి పుంజుకూ వేశాడు. ఈసారి అంకెలు నిటారుగా.

నలభై రెండో రోజు ఉదయం యజమానురాలు రెంటినీ బల్ల మీద పెట్టించింది. చూడగానే ఎవరికైనా తెలిసిపోతుంది.

"కోడలిదే నిజం," అంది. తర్వాత ఆయన వైపు తిరిగి, "ఒకసారి కళ్ళు చూపించుకోండి," అంది మెల్లగా.

"చూపిస్తాలెండి," అన్నాడాయన. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

కుర్చీ తనే లాగి కోడలికి వేశాడు. దీపం ఆమె వైపుకు జరిపాడు. ఆమె కూర్చోలేదు. బల్ల మీదికి వంగి పక్షుల కాళ్ళకేసి చూస్తోంది.

"మామయ్యా, నిన్న షెడ్డులోకి వెళ్ళారా?"

"నాకేం పనమ్మా అక్కడ? కూర్చో. ఇకనుంచి ఎవరేమన్నా నీ చేయి చెప్పిందే నమ్ము."

ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని ట్రేల వైపు నడిచాడు. ఎవరో జల్లెడకు చిల్లు పడిందన్నారు. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు.

కోడలు నీలం రింగు మీది అంకెను వేలితో తడిమింది.

మొన్న మధ్యాహ్నం, ఆయన మాటే నిలవాలని, ఆ రింగుల్ని ఆమె కూడా ఒకసారి మార్చింది.