పద్దెనిమిది మీటర్లు

"ఈ జెర్సీ తీసేసుకోండి అంకుల్. ఫెరైన్ క్లబ్బులో నా పేరు కొట్టేయమని మెయిల్ కూడా పెట్టేశాను."

గీతిక జెర్సీ మడిచి కోచ్ ముందుకి చాపింది. శనివారం బేస్‌బాల్ మ్యాచ్‌లో పదహారేళ్ళ ఆ పిల్ల విసిరిన బంతి ఎదుటి జట్టు బ్యాటర్ లియోనీ తలకి తగిలింది. హెల్మెట్ పగిలింది. రెండు రోజులు హాస్పిటల్లో ఉంచి, ప్రమాదం లేదని నిన్ననే ఇంటికి పంపారు. అయినా కళ్ళు మూసుకుంటే చాలు, గీతికకి ఆ చప్పుడే వినిపిస్తోంది.

కోచ్ ధీరజ్ జెర్సీ అందుకోలేదు. ఎనిమిదేళ్ళు జీతానికి ఆడిన పిచర్, అంటే బంతి విసిరేవాడు, ఆయన. చిన్న జట్టు కాబట్టి వంతొస్తే బ్యాటూ పట్టేవాడు. ఉన్నట్టుండి ఆట మానేసి, డెగ్గెన్‌డార్ఫ్ అనే ఈ జర్మన్ ఊరికి వచ్చి పిల్లలకి నేర్పిస్తున్నాడు. ఏదైనా నోటితో చెప్పడమే, బంతి ముట్టుకోడు. బంతిని ఆపే వల వెనక నుంచి ఇవతలికి రాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

"భయమేస్తోందా?"

"చాలా. మళ్ళీ ఎవరికైనా తగిలితే?"

ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. "నాకో పిచర్ తెలుసు. నీలాగే మంచి వేగం. ఓ మ్యాచ్‌లో బంతి చెయ్యి జారి బ్యాటర్ కణతకి తగిలింది. ఆర్నెల్లు ఆ బ్యాటర్‌కి మాట రాలేదు."

గీతిక ఆయన పక్కన కూర్చుంది. ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పినా, ఆ పిచర్ ఎవరో ఆమెకి తెలిసిపోయినట్టే అనిపించింది.

"తర్వాత?"

"పిచర్ మళ్ళీ బంతి పట్టలేదు. నీ తప్పు కాదని సమయానికి చెప్పే మనిషి లేకపోయాడు. అదే నాకు ఇప్పటికీ బాధ."

ఆయన లేచి హెల్మెట్ పెట్టుకున్నాడు. బ్యాట్ తీసుకుని వల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"విసురు."

"వద్దంకుల్! మీకు తగిలితే?"

"విసురు గీతికా!"

గీతిక బంతులు తీసుకుని పిచర్ నిలబడే చోటుకి వెళ్ళింది. మధ్యలో పద్దెనిమిది మీటర్లు. అంత దూరం నుంచి కూడా ఆయన ముఖం పాలిపోయి కనిపిస్తోంది. మొదటి బంతి ఎటో పోయింది. రెండోది నేలకి కొట్టుకుంది. మూడోది ఆయన ఛాతీని రాసుకుంటూ పోయింది. గీతిక కెవ్వుమంది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు గానీ, అడుగు కదపలేదు.

"ఇంకోటి."

ఏడుస్తూనే విసిరింది. తొమ్మిదో బంతి తిన్నగా వెళ్ళి వలకి తగిలింది. పదోది కూడా. ఇరవయ్యో బంతికి ఆమె చెయ్యి మళ్ళీ ఆమె మాట విన్నది.

బ్యాట్ కింద పడేసి ఆయన గడ్డి మీద చతికిలబడ్డాడు. చలిలోనూ చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. గీతిక నీళ్ళ సీసాతో పరుగెత్తింది.

"ఆ పిచర్ మీరే కదా అంకుల్?"

ఆయన సీసా అందుకున్నాడు. గుక్కెడు తాగి మూత బిగించాడు.

"కాదమ్మా, ఆ బ్యాటర్ని నేను."