నూట పద్నాలుగు పేర్లు

"ఇప్పటికి తీరిందా అప్పా నీకు?"

గడపలో నిలబడిన మనిషిని రామేశ్వరమ్మ అక్కడే నిలదీసింది.

"నంద్యాల నుంచేనా?"

"అవునమ్మా, నంద్యాల నుంచే. నేను వచ్చింది..."

"ఎందుకొచ్చినావో నాకు తెల్సులే. సోమవారం నుంచి మీ పెద్దాఫీసుకు ఫోన్లు చేసి చేసి నా నోరు పడిపోయింది. రా, వచ్చి ఈ శవాలను చూడు."

శవాలంటే మూడు పాత కంప్యూటర్లు. ఎవరో పదేళ్లు వాడుకుని, ఇక పనికిరావని ఆళ్లగడ్డ సేవాసంఘానికి దానమిచ్చినవి.

వాటిలో ఒకదాని కడుపులో నూట పద్నాలుగు పేర్లున్నాయి.

ఏడాదికొక్కసారి మద్రాసు నుంచి కంటి డాక్టర్లు నంద్యాల ఆస్పత్రికి వస్తారు. పైసా తీసుకోకుండా ఆపరేషన్లు చేస్తారు. సంఘం పని చూసే రామేశ్వరమ్మ మూడు నెలలు ఊరూరూ తిరిగి, చూపు పోతున్నవాళ్ల వివరాలు రాసుకొచ్చి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టింది. కొట్టేశాక, కంప్యూటర్లో ఉన్నాయి కదా అని ఆ కాగితాలన్నీ బొరుగులమ్మే ఆమెకు పొట్లాలకు ఇచ్చేసింది.

సోమవారం పొద్దున కంప్యూటర్లకు వైరస్ పట్టింది. మూడూ లేవలేదు.

జాబితా శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా అందాలి. ఆ తర్వాత ఒక్క పేరు కూడా చేర్చుకోమని ఆస్పత్రివాళ్లు ముందే చెప్పారు. ఇవాళ బుధవారం.

"కొత్తవి కొనలేం. కంప్యూటర్లను నడిపే ప్రోగ్రాం, ఊరికే దొరికే లినక్స్ వేయిద్దాం, మనిషిని పంపిస్తాం" అంది నంద్యాలలోని సంఘం పెద్దాఫీసు. ఆ మనిషి ఇదిగో, ఇప్పుడు దిగాడు.

ఆయన మూడింటినీ తిప్పి తిప్పి చూశాడు.

"పేర్లు పోలేదమ్మా, లోపల్నే ఉంటాయి. లినక్స్ సీడీతో లేపితే బయటికొస్తాయి. ఇట్లాంటి ముసలి మిషన్లకని తేలికరకం ఒకటుంది."

"అయితే పెట్టు."

"సీడీలు నంద్యాలలో ఉండాయి. రేపు తెస్తా."

"పనికొచ్చినోడివి చేతులూపుకుంటా వచ్చినావా? బాగుంది సంబడం!"

ఆయన ఏదో చెప్పబోయాడు. చచ్చిపడున్న మిషన్ల వైపు ఒకసారి చూసి, తిరుగు బస్సుకు నడిచాడు.

గురువారం మొదటి బస్సుకే దిగాడు. సీడీ పెట్టాడు. సగంలో కరెంటు పోయింది. మళ్లీ మొదటినుంచి. మళ్లీ పోయింది.

"నీ చేతి చలవ బాగనే ఉండాదప్పా" అని దెప్పింది రామేశ్వరమ్మ.

పొద్దు వాలుతుండగా ఒకటి లేచింది. తెర మీద అన్నీ కొత్త బొమ్మలు.

"ఇదేందీ? నా బొమ్మలు యాడబోయినాయి?"

"బొమ్మలే మారినాయమ్మా, పని మారలే. ఈడ నొక్కండి."

నొక్కింది. జాబితా తెరుచుకుంది. ఒక్క పేరూ లేదు. అన్నీ కొక్కిరిబిక్కిరి గీతలు, చుక్కలు.

"నా పేర్లన్నీ నాశనం చేసినావు గదప్పా!" రామేశ్వరమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడింది. "మసక కళ్లతో నాకోసం కాచుకోనుండారు. వాళ్లకేం చెప్పాల నేను?"

"పేర్లు బాగుండాయమ్మా. మీరు కొట్టిన తెలుగు అక్షరాల ఫైలు పాతదాంట్లో ఉండిపోయింది. దాన్నీ ఈడికి తెస్తే కుదురుకుంటాయి."

అది తెచ్చేలోపు కరెంటు పోయింది. ఆ రోజుకు మళ్లీ రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి అక్షరాలు కుదురుకున్నాయి. అప్పుడు ప్రింటర్ మొండికేసింది. రెండున్నర దాకా ఆయన దాని ముందే కూర్చున్నాడు. రామేశ్వరమ్మ గడియారం చూడడం, నిట్టూర్చడం, మళ్లీ గడియారం చూడడం.

"మూడింటికి బస్సప్పా!"

"అయిపోయిందమ్మా. అచ్చేసే ముందు..." ఆయన కాస్త ఆగాడు. "ఇంకొక్క పేరు చేర్చాల."

రామేశ్వరమ్మకు మూడు రోజుల కోపం ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

"ఓహో, నీకు కావాల్సినోళ్ల పేరా? మూడు దినాలు మిషన్ ముందర కూచుంటే జాబితా నీదైపోయిందా? ఎండలో ఊళ్లు తిరిగింది నేను. అట్లాంటి యవ్వారాలు నా తావ కుదరవు. నీ పని మిషన్లు. అవి చూసుకో, చాలు."

ఆయన ముఖం చిన్నబోయింది.

"సరేలేమ్మా" అని ప్రింటర్ మీట నొక్కాడు.

ఐదు కాగితాలు వచ్చాయి. రామేశ్వరమ్మ వాటిని సంచిలో పెట్టుకుని చెప్పులేసుకుంది.

"నేను పోతాండా. మిగతా రెండిట్లో కూడా అది ఎక్కించి, తాళం పక్కింట్లో ఇచ్చిపో."

జాబితా ఐదింటికి పది నిమిషాల ముందు ఆస్పత్రిలో అందింది.

శనివారం పొద్దున భుజాన సంచితో ఒక కుర్రాడు వచ్చాడు.

"నమస్తే అమ్మా. శ్రీకాంత్. పెద్దాఫీసు పంపించింది. జ్వరమొచ్చి వారం లేవలేకపోయినా. మిషన్లు యాడుండాయి?"

రామేశ్వరమ్మకు అర్థం కాలేదు.

"మరి మొన్న మీరు పంపించిన ఆయప్ప ఎవరు?"

"మేమెవర్నీ పంపలేదమ్మా. ఈ పని చేసేది నేనొక్కణ్నే."

అతను కూర్చుని ఒక్కొక్కటే తెరిచి చూశాడు. మూడూ పనిచేస్తున్నాయి.

"ఎవరోగానీ, నాకన్నా బాగా చేసినాడు. మీ జాబితా పక్కన ఇంకో ఫైలుండాదే. ఇదీ మీదేనా?"

"నాది ఒకటే గదా."

తెరిచాడు. రామేశ్వరమ్మ ముందుకు వంగింది. ఆమె గీసుకున్న గడులే, ఆమె పెట్టుకున్న వరుసే. లోపల ఒక్క పేరు ఉంది.

శాంతమ్మ, ముప్పై ఆరేళ్లు, రుద్రవరం, రెండు కళ్లూ. వెంట వచ్చేవారు: భర్త యేసురత్నం, నంద్యాల కాలేజీలో కంప్యూటర్ల గది అటెండరు.