ఒరాజియో అతుకు

"మళ్లీ ఊడింది బాబాయ్," అంది రోసాల్బా, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే.

ఒరాజియో చేతిలోని గుడ్డతో ప్రెస్సు పిడిని తుడుస్తూ ఉండిపోయాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"బరువు తగ్గలేదే," అన్నాడు చివరికి. "ప్రెస్సులో పెట్టే ముందు వేడి చేసి నేనే తూచాను. వెంట్రుకంత తేడా కూడా లేదు."

"ఒత్తిడి ఎక్కాక ఊడి ఉంటుంది."

"చూపించు."

"కోసేశాను బాబాయ్. ఇక చూడ్డానికేముంది?"

వాళ్ల పని బయటివాళ్లకు పిల్లల ఆటలా కనిపించేది. రాతిని పొడి చేసి, చిన్న ప్లాటినం గొట్టంలో కాసింత నీటితో కలిపి పోస్తారు. రెండు కొసలూ అతుకుతారు. ప్రెస్సులో పెట్టి నేల అడుగున ఉండేంత ఒత్తిడి, రాయి కరిగేంత వేడి ఇస్తారు. తర్వాత ఒక్కసారిగా చల్లారుస్తారు. కరిగిన రాయి గాజులా బిగుసుకుంటుంది. అందులో పుట్టిన స్ఫటికాలు ఎక్కడివక్కడే నిలిచిపోతాయి. అగ్నిపర్వతం విసిరిన రాతిలో ఉన్నటువంటి స్ఫటికాలు ఏ ఒత్తిడి దగ్గర పుడితే, పేలకముందు ఆ రాయి అంత లోతున ఉన్నట్టు లెక్క. అతుకు ఊడితే నీరు పోతుంది, బరువు తగ్గుతుంది. నీరు పోతే జవాబూ పోతుంది.

అతుకు వేసేది ఒరాజియో. ఉత్తరాది ప్రయోగశాలల వాళ్లు పని నేర్చుకోవడానికి తమవాళ్లను కొండ కింది కటానియా పట్నానికి, అతని దగ్గరికి పంపేవారు. రోసాల్బా కూడా అతని పక్కన నిలబడే నేర్చుకుంది.

ఈసారి పొడి చేసిన రాయి అతని కొడుకు సంచిలో దొరికింది. ఆ కొడుకు, చిరినో, ఎట్నా అగ్నిపర్వతం మీద గైడుగా ఉండేవాడు. కిందటి శరత్తులో తమ వీధిలోనే ఉండే ఒక కొత్త జంటను బిలం అంచుదాకా తీసుకెళ్లాడు. కొండ పేలింది. ముగ్గురూ తిరిగి రాలేదు. ఆనాడు పడ్డ రాళ్లను తర్వాత వచ్చిన లావా కప్పేసింది. మిగిలింది సంచి గుడ్డలో ఇరుక్కున్న ఆ ముక్క ఒక్కటే.

వీధిలో రెండు మాటలు నడుస్తున్నాయి. కరిగిన రాయి లోతు నుంచి ఒక్క ఉదుటున వచ్చి ఉంటే ఎవరికీ తెలిసే వీలు లేదు. అలా కాక పైపైనే వారాల తరబడి నిలిచి ఉంటే నేల వణికి ఉంటుంది, పొగ వాసన మారి ఉంటుంది. కొండ మీదే పెరిగిన గైడుకు అది తెలియకుండా ఉండదు. తెలిసే తీసుకెళ్లాడన్నమాట. ఎదురింటి బాల్కనీలో బూడిద ఊడ్చే పెళ్లికూతురి తల్లి, ఒరాజియో కనిపిస్తే చీపురు అక్కడే ఆనించి లోపలికి వెళ్లిపోతుంది.

సాయంత్రం డైరెక్టర్ ప్రివితేరా వచ్చాడు. విషయం విని నిట్టూర్చాడు.

"ఒరాజియో, కళ్లజోడైనా మార్చు, వైనైనా మానెయ్," అన్నాడు. అలవాటుగా వేసిన జోకు. ఎవరూ నవ్వకపోయేసరికి తనే ఇబ్బంది పడ్డాడు. మిగిలిన పొడిని ఉత్తరాదికి పంపి అక్కడే అతికిద్దామన్నాడు. ఒరాజియో సరేనన్నాడు. రోసాల్బా ఒప్పుకోలేదు. పొడి ఇంకొక్కసారికే సరిపోతుందనీ, దారిలో ఏమైనా అయితే చేసేదేమీ లేదనీ, ఇక్కడే చేయాలనీ పట్టుబట్టింది. ప్రివితేరా భుజాలెగరేసి వెళ్లిపోయాడు.

"ఎందుకమ్మా నీకీ పట్టుదల?" అన్నాడు ఒరాజియో. "నా చేయి పోయింది. కనబడుతూనే ఉందిగా."

"పోలేదు. నీ చేత్తోనే కావాలి."

అతను నల్లద్దాలు పెట్టుకుని చివరి గొట్టం అందుకున్నాడు. అతుకు పడే చోట మెరుపు ఒకటి వెలిగి ఆరింది. చేయి వణకలేదు. అద్దాలు నుదుటి మీదికి తోసుకుని అతుకును వెలుతురుకేసి పెట్టి చూశాడు.

"బాబాయ్, ఒకవేళ పైనే ఉందని తేలితే?"

"తేలదు."

"ఒకవేళ అంటున్నాను."

"వాడు చిన్నప్పుడు కొండ మీద నేలకి చెవి ఆనించి పడుకునేవాడు. లేవరా అంటే, ఆగు, మాట్లాడుతోంది అనేవాడు. అలాంటివాడు, తెలిసి తెలిసి ఎదురింటి పిల్లను తీసుకెళ్తాడా?" గొట్టాన్ని జాగ్రత్తగా ఆమె అరచేతిలో పెట్టాడు. "ఆ ఒక్కటి పట్టుకుని పొద్దున్నే లేస్తున్నాను తల్లీ. మీ పిన్నీ అంతే."

మర్నాడు మధ్యాహ్నం కరెంటు ఆపి గొట్టాన్ని చల్లార్చారు. రోసాల్బా దాన్ని తీసుకుని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఒరాజియో బయట బల్ల మీద కూర్చున్నాడు. ఎవరో వేయించిన అన్నం ఉండ, ఆరంచీని, ఒకటి తెచ్చి పక్కన పెట్టారు. అతను ముట్టుకోలేదు, చల్లారిపోయింది.

ఆమె చాలాసేపటికి బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఊడింది బాబాయ్."

అతను తల ఆడించాడు. బల్ల మీంచి లేచాడు. నల్లద్దాలు తీసి ఆమెకిచ్చాడు. వచ్చే వారం నుంచి రానని ప్రివితేరాకు చెప్పమన్నాడు. ఇన్నాళ్లూ ఎవరెవరి గొట్టాలో అతికానన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

"నా కొడుక్కి ఒక్క మంచి అతుకు వెయ్యలేకపోయాను."

ఆమె నల్లద్దాల మీది దుమ్మును వేలితో తుడిచింది.

"ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు కదా?" అని అడిగాడు తలుపు దగ్గర ఆగి.

"తెలియదు బాబాయ్."

మెట్ల మీద అతని అడుగుల చప్పుడు ఆగిపోయేదాకా ఆమె అక్కడే నిలబడింది. తర్వాత గదిలోకి వెళ్లి మైక్రోస్కోపు దీపం ఆర్పింది.

ఒరాజియో వేసిన అతుకు ఒక్కటీ ఊడలేదు.