నూట ఇరవయ్యో సీటు

“కాస్త ఆ కాలు ఊపడం ఆపుతావా అమ్మా? బల్లంతా ఊగిపోతోంది.”

అమ్మాయి ఉలిక్కిపడి కాలు ఆపింది. అర నిమిషం కాకుండానే రెండో కాలు మొదలైంది.

లా కాలేజీ ఆఫీసు వరండాలో ఆ బల్ల మీద ఇద్దరే ఉన్నారు. ఇరవై రెండేళ్ళ ఈ అమ్మాయి, యాభై దాటిన ఆవిడ. ఆవిడ ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలు, దాని మీద రెండు చేతులూ. పిల్లల సర్టిఫికెట్లు మోసుకు తిరిగే తల్లి కాబోలని అమ్మాయి చూడగానే తేల్చేసింది. ఆ వయసులో తేల్చేయడానికి ఎంతసేపు!

ఎదురుగా కిటికీ, కిటికీ వెనక గుమస్తా. మొత్తం నూట ఇరవై సీట్లనీ, సీటు వచ్చినవాళ్ళు సాయంత్రం నాలుగు లోపు సంతకం పెట్టాలనీ గోడ మీద నోటీసు.

మూడున్నర దాటింది. సంతకం పెడదామని పొద్దున పదకొండుకే వచ్చిన అమ్మాయి ఇంకా బల్ల మీదే ఉంది.

“మీ అబ్బాయికా, అమ్మాయికా సీటు?” మాటవరసకి అడిగింది.

ఆవిడ నోరు తెరిచేలోపు అమ్మాయి ఫోను మోగింది.

“ఏమ్మా మేనేజరమ్మా, ఎక్కడున్నావే?” బాబాయి గొంతు వరండా అంతా వినిపించింది. “రెండో షెడ్డు తాళాలు నీ కోసం చేయించాను. నాలుగింటికి మిషన్లు దింపుతారు. నువ్వే దగ్గరుండి చూసుకోవాలి. ఇవాళ్టి నుంచి సగం వాటా నీది!”

“బాబాయ్, నేను లా...”

“లాయరు కావాలంటే జీతమిచ్చి పెట్టుకుందాం. నువ్వే అయిపోవాలా ఏంటి? వచ్చెయ్ వచ్చెయ్!”

అమ్మాయి లేచి వరండా ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. వచ్చి కూర్చుంది. మళ్ళీ లేచింది.

“ఏం షెడ్డు?” అంది ఆవిడ.

“స్కూలు యూనిఫారాలు కుట్టిస్తాం. ఈ ఏడు పెద్ద ఆర్డరు నేనే తెచ్చాను.”

“భలే. మరి ఇక్కడేం పని?”

ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పకూడదనే అనుకుంది. కానీ ఎవరో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది.

“ఆర్నెల్ల కిందట మా కటింగ్ మిషన్లో, అక్కడ పనిచేసే ఒక అక్కకి రెండు వేళ్ళు పోయాయి. తప్పు తనదే, యజమానికి ఏ సంబంధమూ లేదని బాబాయి కాగితం రాయించాడు. కుడిచేతికి కట్టు కదా, ఎడమ చేత్తో సంతకం పెట్టింది. పెట్టి, నాకు థాంక్స్ చెప్పింది.”

“నీకెందుకు?”

“ఆ కాగితం రాసింది నేనే. నా చేతిరాత బావుంటుందని.”

అమ్మాయి కుడిచేతి వేళ్ళు ముడిచింది.

“అప్పట్నుంచీ నిద్ర పట్టదు. ఆ ఉక్రోషంలోనే ఎంట్రన్సు రాసేశాను. కానీ బాబాయి చెడ్డవాడు కాదండీ. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. ఏం చెయ్యనూ?”

ఆవిడ ఫైలు కేసి చూసుకుంది.

“వ్యాపారమూ మంచిదే. నేనూ ముప్పై ఏళ్ళు డ్రైక్లీనింగ్ షాపు నడిపాను. పిల్లలు దాని మీదే పెరిగారు.”

“చూశారా! మీరూ అదే అంటున్నారు.”

అమ్మాయి బ్యాగు భుజాన వేసుకుని, టకటకా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

బస్టాపులో నిలబడ్డాక కూడా కాలు ఊరుకోలేదు. దూరంగా బస్సు కనబడింది.

“అమ్మాయ్! ఆగు!”

ఆవిడే. రోడ్డు దాటి, మోకాలు పట్టుకుని, రొప్పుతూ వచ్చింది.

“నూట ఇరవయ్యో నంబరు పిలుస్తున్నారు. నీదే కదా? పద!”

“వద్దనుకున్నానండీ.”

“ఇందాక నేను నీకు సగమే చెప్పాను. ఆ ముప్పై ఏళ్ళలో నేనూ అలాంటి కాగితాలు రెండు రాయించాను. రెండుసార్లూ హాయిగా నిద్రపోయాను. నీకు పట్టడం లేదు. షెడ్డు రేపైనా ఉంటుంది. ఆ కిటికీ ఇంకో పది నిమిషాలే.”

అమ్మాయికి ఒళ్ళు మండింది.

“నేను చేరితే ఏంటి, మానితే ఏంటి? మధ్యలో మీకేం పోతుందండీ?”

ఆవిడ ఫైలు చంకలో పెట్టుకుంది.

“మాటలు తర్వాత. ముందు నడు.”

చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. వెనక బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

నాలుగింటికి రెండు నిమిషాలుందనగా అమ్మాయి సంతకం పెట్టింది. గీత తిన్నగానే పడింది.

“మిషన్లు నువ్వే దింపించుకో బాబాయ్. నేను చేరిపోయాను,” అని మెసేజ్ పెట్టింది. పెట్టాక చాలా రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

వెనక్కి తిరిగింది. బల్ల ఖాళీ.

అంత మాట అన్నందుకు సారీ అయినా చెబుదామని గేటు దాకా పరిగెత్తింది. రోడ్డుకి ఆ వైపు, ఈ వైపు చూసింది. ఎక్కడా లేదు. తిరిగి వచ్చేసరికి గుమస్తా కిటికీ మూస్తున్నాడు.

“అన్నా, ఇక్కడ కూర్చున్న ఆంటీ ఏరీ? పిల్లల పని అవకుండానే వెళ్ళిపోయారా?”

గుమస్తా వింతగా చూశాడు.

“పిల్లలెవరమ్మా? నేను నీ నంబరు పిలుస్తుంటే, కాస్త ఆగమని చెప్పి, నిన్ను తీసుకొస్తానని పరిగెత్తింది గానీ, వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు ఆవిడదే, నువ్వు రాకపోతే ఆ సీటు ఆవిడకే.”