వెడల్పాటి గీత

"కెప్టెన్ అని రాశావేంటి? నేను కమడోర్‌ని!" ఖైదీ బల్ల మీద గట్టిగా గుద్దాడు.

యుద్ధఖైదీల మార్పిడి జాబితా రాస్తున్న కళ్ళజోడు గుమాస్తా కలం ఆపాడు. బయట ట్రక్కు సిద్ధంగా ఉంది. అది ఎక్కినవాడు సాయంత్రానికి సరిహద్దు దాటి ఇంట్లో ఉంటాడు. కమడోర్ జేబులో కూతురి ఉత్తరం ఉంది. మనవడు పుట్టి ఏడు నెలలైందట, తాత ఇంకా చూడనే లేదు. అయినా పద్నాలుగు నెలల ఖైదులో ఆ మనిషి తల ఒక్క అంగుళం కూడా వంగలేదు.

"మా నేవీలో ఆ ర్యాంకే లేదు సార్. కెప్టెన్ తర్వాత నేరుగా రియర్ అడ్మిరలే. అందుకే కింది గడిలో వేశాను."

"కింది గడా! కళ్ళున్నాయా నీకు?" మాసిపోయిన కోటు చెయ్యి గుమాస్తా ముక్కు దాకా చాపాడు. "కెప్టెన్‌కి నాలుగు సన్న గీతలు. నాది ఒక్కటే, వెడల్పాటిది. ఇది అడ్మిరళ్ళ గీత!"

ట్రక్కెక్కుతున్న తోటి ఖైదీ, అసలు కెప్టెన్, కేకేశాడు. "ఆ పోట్లాటేదో ఇంటికెళ్ళాక పెట్టుకుందాం, రండి సార్!"

"నన్ను నీతో సమానం చేస్తే నీకు సంబరంగానే ఉంటుంది!"

గుమాస్తా తన అధికారి గది తలుపు వైపు భయంగా చూసి గొంతు తగ్గించాడు. "ఈ ఒక్క పూటకి కెప్టెన్ అనిపించుకుంటే మీకేం అరిగిపోతుంది సార్? నా మాట వినండి."

"నీలాంటివాళ్ళు నా బూట్లు తుడిచేవాళ్ళు. మీ అధికారిని పిలు!"

అధికారి వచ్చాడు. గీత చూశాడు, పట్టిక తిరగేశాడు. "కమడోర్ గారి మాటే రైటు. పై గడిలోకి మార్చు."

గుమాస్తా జాబితాలో ఆ పేరు కొట్టేసి, అడ్మిరళ్ళ ఎర్ర అట్ట ఫైలులో రాశాడు. ట్రక్కు వెళ్ళిపోయింది.

"నాకు వేరే కారా?" అడిగాడు కమడోర్.

"మీ హోదాకి తగ్గ ఏర్పాటే ఉంది," అన్నాడు అధికారి.

ఆరుగురు సైనికులు తుపాకులతో వచ్చి సెల్యూట్ చేశారు. మర్యాదంటే ఇదీ అనుకుంటూ కమడోర్ కాలరు సర్దుకుని, వాళ్ళ మధ్య ఠీవిగా నడిచాడు. పెరట్లో కారు లేదు, ఎత్తైన గోడ ఒకటే ఉంది. వెనకే వచ్చిన గుమాస్తా తలెత్తకుండా, మడిచిన నల్లగుడ్డ విప్పాడు.

"కళ్ళకి గంతలు కట్టమంటారా, వద్దా సార్? అడ్మిరళ్ళనైతే అడిగి కట్టాలని రూలు."