కూరల సంచీలో కాపురం

"పళ్ళెం ఒక్కటే తెచ్చారేం?" సంచీలో చెయ్యి పెట్టి వెతుకుతూ అడిగింది అమ్మాయి.

"ఒక్కదానివి, ఒక్క పళ్ళెం చాలు. రెండోది కడిగి బోర్లిస్తే, ఎవరైనా వస్తారేమోనని గుమ్మం వైపు చూడాలనిపిస్తుంది," అంది పెద్దావిడ. మూడంతస్తుల మెట్లెక్కిన ఆయాసం ఆమెకింకా తీరలేదు. నడుం మీద చెయ్యి వేసుకుని గదంతా ఒకసారి కలయచూసింది. ఒక కిటికీ, వంటకి ఒక గట్టు, గోడకి ఒక చెక్క అర. కుళాయి తిప్పి, నీళ్ళు దోసిట్లో పట్టి వాసన చూసి, "పర్వాలేదు. కాచుకుని తాగు," అంది.

ఇల్లు మారడమంటే లారీ, తాళ్ళు, నలుగురు కూలీలు. ఈ ఇల్లు మాత్రం కూరల సంచీలో మారింది. అమ్మాయి గడప దాటి వస్తే చాలు, ఆమె మొగుడు చేతిసంచీ గుమ్మరించి చూస్తాడు. ముసలిదాని కూరల సంచీ ఎవడిక్కావాలి? పెద్దావిడ బజారుకని బయల్దేరినప్పుడల్లా అడుగున ఓ గిన్నో, ఓ దుప్పటో, అమ్మాయి చదువు కాగితాలో పెట్టుకుని ఇక్కడికి చేరవేసింది. అక్కడి వంటింట్లో ఖాళీలు కనపడకుండా వెనక డబ్బాలు ముందుకు జరిపింది. అలా సామానంతా చేరిపోయింది. ఇవాళ అమ్మాయి వచ్చింది.

"ఫోను?"

"దిండు కింద వదిలేసి వచ్చాను."

"మంచిపని. అది చేతిలో ఉంటే వాడికి నువ్వే దారి చూపించినట్టు."

అమ్మాయి బియ్యం డబ్బాని ఎడం చేత్తో గట్టు మీదికి నెట్టింది. కుడి మణికట్టుకి కట్టుంది.

"సరుకులు వారానికి సరిపడానే తెచ్చుకో," అంది పెద్దావిడ. "ఎక్కువ తెస్తే చవకే కానీ, ఒక్కదానివి తినేలోపు పురుగు పట్టడం ఖాయం. జీతం రాగానే ముందు దాచాల్సింది దాచెయ్. మిగిలితే దాస్తాననుకున్నవాళ్ళకి ఏ నెలా మిగల్లేదు. బీరువాలూ అవీ కొనకు. మళ్ళీ మారాల్సి వస్తే ఒక్క పెట్టెతో లేచి పోగలగాలి."

"మళ్ళీనా?"

"రాకూడదనే అనుకుందాం." పెద్దావిడ మాట మార్చింది. "మూడింటి దగ్గర మాత్రం పిసినారితనం చెయ్యకు. తాళం, మందులు, వసారాలో దీపం. రాత్రంతా వెలగనీ."

ఇంటావిడ తాళంచెవులు గలగలలాడించుకుంటూ పైకొచ్చింది. మనిషి ఎంత వెడల్పో మాటా అంత ధారాళం.

"మోటారు పొద్దున్నే వేస్తాం. పడుకున్నవాళ్ళకి బకెట్టే గతి. అల్లుడుగారు కనపడరేం?"

"పని మీద ఉంటాడండీ," అంది పెద్దావిడ.

"మీరూ వాళ్ళతోనేనా ఉండేది?"

"అదే ఇంట్లోనండీ. నాకింకెవరున్నారు?"

"అదీ మాట. తల్లిని చూస్తే పిల్ల సంగతి తెలిసిపోతుంది. మిమ్మల్ని చూసే నేను అడ్వాన్సు తగ్గించాను. అదేంటమ్మా, చేతికి కట్టు?"

"మెట్ల మీద జారింది," అమ్మాయి నోరు తెరవకముందే చెప్పింది పెద్దావిడ. డాక్టరు దగ్గరా, ఇరుగుపొరుగు దగ్గరా చెప్పి చెప్పి అరిగిపోయిన అబద్ధమది. అలవాటు కొద్దీ వచ్చేసింది.

"మా మెట్ల దగ్గర జాగ్రత్త మరి. వాటికి పిట్టగోడ కూడా లేదు," అంటూ ఇంటావిడ దిగిపోయింది.

అమ్మాయి పెద్దావిడ వైపు చూసింది. పెద్దావిడ కిటికీ గడియ వేసి తీసి, వేసి తీసి పరీక్ష చేస్తోంది.

"పెళ్ళి మాటలప్పుడే నేను నోరు విప్పాల్సింది," అంది అటే తిరిగి. "వాడి సంగతి నాకు తెలుసు. పెళ్ళయితే మారతాడులే అనుకున్నాను. అందరు ఆడవాళ్ళూ అనుకునేదే. ఆ అనుకోవడానికి ఖరీదు నువ్వు కట్టావు."

"అప్పుడు చెప్పినా నేను వినేదాన్నా?"

"వినేదానివో కాదో. నేను చెప్పలేదు కదా."

ఇద్దరూ కలిసి దుప్పటి మడత పెట్టారు. చెరో కొసా పట్టుకుని దగ్గరికొచ్చినప్పుడు అమ్మాయి ఆ చేతులు వదల్లేదు.

"మీరూ ఉండిపోండి. ఈ గది ఇద్దరికి సరిపోతుంది."

"సరిపోతుంది. కానీ ఇద్దరం లేకపోతే ఇవాళే ఊరంతా గాలిస్తాడు. నేను ఎదురుగా ఉంటే, చెప్పమని నన్నే పట్టుకుంటాడు. నన్ను ఎంతసేపు పట్టుకుంటే నీకంత వ్యవధి. సోమవారం మందుల దుకాణంలో పనికి చేరిపో. తెలిసినవాళ్ళు ఎదురైతే తలొంచుకో."

"అడగడంతో ఆగడు."

"తెలుసు."

"మీ మీద చెయ్యి చేసుకుంటే?"

"ముసలి ఎముకలు. ఎన్నని విరుస్తాడు?" నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. "అన్నం వండుకుని వేడిగా తిను. ఏడుపొస్తే తిన్నాక ఏడువు."

అమ్మాయి గుమ్మం దాకా వచ్చింది. పెద్దావిడ ఆమెను లోపలికి నెట్టి, తలుపు తనే దగ్గరికి లాగింది. లోపల గడియ పడిన చప్పుడు వినేదాకా కదల్లేదు. ఆ తర్వాత గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది.

కన్నకొడుకు ఇంటికొచ్చే వేళయింది.