గోరింటమెట్టకి సున్నా

కంప్యూటర్ తీసిన లిస్టులో గోరింటమెట్ట లేదు.

సత్యారావు మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ముప్ఫై తొమ్మిది ఊళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. మంచినీళ్ళకి ఎక్కువ అవస్థ పడే ఊరు అన్నిటికన్నా పైన. పైనున్న పది ఊళ్ళకీ ఈ ఏడాదే బోరు పడుతుంది. గోరింటమెట్ట పైనా లేదు, అడుగునా లేదు.

"ఏటమ్మా ఇది? మీవోళ్ళు మా ఊరొచ్చి పదిళ్ళు తిరిగి రాసుకెళ్ళేరు కదా. నేనే దగ్గరుండి తిప్పేను."

"రాసేరు మాస్టారూ. ఆ పది ఫారాలూ నేనే ఎక్కించేను," అంది షిరీన్.

షిరీన్‌ది అనకాపల్లి. చోడవరం బస్టాండు వెనక మేడ మీద ఈ సర్వే ఆఫీసు తెరిచి ఆరు నెలలైంది. అందులో కంప్యూటరు ఒకటే, దాంతో పని తెలిసిన మనిషీ ఒక్కతే. మాస్టారేమో చీడికాడ అవతల, కొండమీది గోరింటమెట్ట బడికి మూడేళ్ళుగా ఉన్న ఒక్క మాస్టారు. ఈ వారంలో ఆయన మెట్లెక్కి రావడం ఇది నాలుగోసారి.

ఆమె స్క్రీను ఆయన వైపు తిప్పింది.

"ఊరికి పదిళ్ళే అడిగేం కదా. ఊళ్ళో మూడొందల ఇళ్ళుంటే, అడిగిన ఒక్కో ఇల్లూ ముప్ఫై ఇళ్ళ తరఫున చెప్పినట్టు. ఆ ముప్ఫయ్యే ఆ ఇంటి వెయిట్. ఏ ఊళ్ళో ఎన్నిళ్ళో మా ఇష్టమొచ్చినట్టు వెయ్యకూడదు. తొంభై ఒకటి జనాభా లెక్కల్లోంచే తియ్యాలి."

"తియ్యి మరి."

"తీసేను. గోరింటమెట్ట ఎదురుగా ఇళ్ళు సున్నా అని ఉంది. సున్నాని పదితో భాగిస్తే సున్నాయే కదా మాస్టారూ. వెయిట్ సున్నా అయితే కంప్యూటర్లో లెక్క కట్టే ఈ ప్రోగ్రాము ఆ ఇంటిని లేనట్టే వదిలేస్తాది."

మాస్టారు స్టూలు మీద కూర్చుండిపోయారు.

"నలభై రెండు గడపలమ్మా," అన్నారు. "కొండవాగు, ఆ గెడ్డ నీళ్ళే తాగతన్నారు. మొన్న వానల్లో వాంతులూ విరేచనాలూ పట్టుకుని ముగ్గురు పోయేరు. ముగ్గురూ నా బళ్ళో పిల్లలే. సన్యాసమ్మ కూతురు, పైడితల్లని, రెండో తరగతి. ఆ గుంట పేరు హాజరుపట్టీలోంచి ఇంకా కొట్టెయ్యలేదు నేను."

షిరీన్‌కి పైడితల్లి తెలీదు. సన్యాసమ్మ తెలుసు, ఏడో నంబరు ఫారం. పిల్లలెంతమంది అన్నచోట ముందు రెండు అని రాసి, కొట్టేసి, ఒకటి అని రాసి ఉంది. అది ఎక్కించిన రోజు ఆమెకి అన్నం సయించలేదు.

"నలభై రెండని నువ్వే కొట్టేస్తే?"

"విశాఖపట్నం పెద్దాఫీసులో సరిచూస్తారు. కాయితం ఏదీ అంటారు. లేదంటే మొత్తం లిస్టే పక్కన పడేస్తారు." షిరీన్ గొంతు తగ్గించింది. "పొద్దున్న అక్కడి మా పై ఆఫీసరు షరీఫుద్దీన్ సార్‌కి ఫోన్ చేసేను. ఒక్క దారుందన్నారు. ఆ సున్నా వేసిన మనిషి, పొరపాటైంది, ఊళ్ళో ఇళ్ళున్నాయి అని రాసి సంతకం పెడితే చాలంట. లిస్టు అయిదు గంటల బస్సుకి వెళ్ళాలి. ఆయనెవరో మీకేమైనా తెలుసా?"

మాస్టారు కిటికీలోంచి చెరుకు లారీలకేసి చూశారు.

"తెలుసు."

"మరి అడగండి."

"అడక్కేటమ్మా. వానలప్పటి నుంచీ రోజూ అడగతన్నాను. ఒప్పుకోడు."

"పిల్లలు పోయేరని చెప్పేరా?"

"అతనికి తెలుసు. ఏడ్చేడు కూడాను. సంతకం అనేసరికి చెయ్యాడదు."

షిరీన్‌కి ఒళ్ళు మండింది. "ఏం మనిషండీ. ఆస్తులేమైనా రాసిమ్మన్నామా?"

"సర్కారు ఉద్యోగం. తప్పుడు లెక్క రాసేనని తన చేత్తో తనే రాసిస్తే ఇంటికి పంపేస్తారని భయం. పెళ్ళాం మంచం మీదుంది. ఆవిడ మందులకి ఆ జీతమే ఆధారం."

"ఇంకొక్కసారి అడగండి మాస్టారూ. నా మాటగా చెప్పండి."

ఆమే తెల్లకాగితం తీసుకుని, గుండ్రటి అక్షరాలతో నాలుగు ముక్కలు రాసింది. పేరుకీ సంతకానికీ చోటు వదిలి ఇచ్చింది. మాస్టారు కాగితం జేబులో పెట్టుకుని మెట్లు దిగారు.

మూడైంది. నాలుగైంది. షిరీన్ గోరింటమెట్టకి నలభై రెండు వేసి చూసుకుంది. ఊరు లిస్టులో మొదటికొచ్చింది. మళ్ళీ సున్నా వేసింది.

అయిదింటికి పావుగంట ఉందనగా మాస్టారు వచ్చారు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. కాగితం మడత విప్పి బల్ల మీద పెట్టారు. సంతకం చోట పెన్ను ఆనించిన చుక్క ఒక్కటే ఉంది.

"పెన్నయితే పట్టుకున్నాడన్నమాట," అంది షిరీన్.

"పట్టుకున్నాడమ్మా. అంతే."

ఇక ఆమె చెయ్యగలిగిందేమీ లేదు. ముప్ఫై తొమ్మిది ఊళ్ళ లిస్టు కవరులో పెట్టి, అంటించి, కిందికి దిగి కండక్టరు చేతికిచ్చింది. బస్సు కదిలి వెళ్ళిపోయింది. అంత చదువూ అంత కంప్యూటరూ ఉండి ఒక్క ఊరిని ఉన్నదని చెప్పలేకపోయినందుకు ఆమెకి ఏడుపొచ్చింది.

పక్కనే చీడికాడ బస్సు బయల్దేరబోతోంది. మాస్టారు మెట్టు మీద కాలు పెట్టారు.

"ఆయన పేరు చెప్పండి మాస్టారూ. రేపు నేనే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను. వచ్చే ఏటి లిస్టుకైనా పనికొస్తాది."

మాస్టారి కళ్ళల్లో నీళ్ళు నిండాయి.

"నీలాంటి పిల్ల కాళ్ళు పట్టుకునేపాటి మనిషి కాదమ్మా వాడు," అని లోపలికెళ్ళి కూర్చున్నారు.

ఆరేళ్ళ కిందట జనాభా లెక్కల డ్యూటీ పడినప్పుడు, ఎండలో కొండెక్కలేక, కింద టీ బడ్డీలో కూర్చుని గోరింటమెట్ట ఎదురుగా సున్నా చుట్టింది సత్యారావు మాస్టారే.